మా ఉస్తాద్‌కు వినపడని చప్పుడు

మొన్నామధ్య మా చెల్లెలి కొడుకు, వాడి స్నేహితులు కలిసి నన్నొక పంచాయితీకి పిలిచారు. బల్ల మీద ఒక పక్క పాత సీడీ ప్లేయరు, ఇంకో పక్క ఇంటర్నెట్ నుంచి పాటలు లాక్కొచ్చి వినిపించే అరచేతిలో పట్టేంత పెట్టె. దాన్ని స్ట్రీమరు అంటారట. రెండింటిలో ఏది బాగా పలుకుతుందో తేల్చాలి. టేపు రికార్డర్ల పొట్టలు విప్పుతూ బతుకంతా గడిపినదాన్ని కాబట్టి నా మాటే ఆఖరి మాట అన్నారు. ఇంట్లో టీవీ రిమోట్ కూడా నా చేతికివ్వని వాళ్ళు అంత మర్యాద చేస్తే ఎవరికి చేదు? కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

స్ట్రీమరు పక్షం వాళ్ళు తమ పాటను రవ్వంత ఎక్కువ చప్పుడులో పెట్టారు. కావాలని చేశారో, తెలియక చేశారో నాకు తెలియదు. ముందు రెండూ సమానం చేయండని కసిరాను. చేశారు. చేశాక చూస్తే అప్పటిదాకా బల్ల గుద్ది వాదించిన వాళ్ళందరి గొంతులూ తగ్గాయి. ఒకడు ఇదన్నాడు, ఇంకొకడు అదన్నాడు, మళ్ళీ పెట్టమన్నాడు. చివరికి అందరూ నావైపు తిరిగారు.

"నాకు తేడా వినపడలేదు" అన్నాను.

"చూశావా, పెద్దమ్మ కూడా తేడా లేదంటోంది" అని మా వాడు చప్పట్లు కొట్టాడు.

నేను ఆ మాట అనలేదు నాయనా. తేడా లేదనడం వేరు, నాకు వినపడలేదనడం వేరు. మీ వయసులో నాకూ ఈ రెండూ ఒకటే అనిపించేవి. అవి ఒకటి కాదని తెలుసుకోవడానికి ఒక మనిషి చెవులు ఖర్చయ్యాయి. అందులో నా తప్పు కొంత ఉంది. అది చెబుదామనే ఇది రాస్తున్నాను. ఇంతకీ ఆ మరుసటి వారమే వెళ్ళి నా చెవులు చూపించుకున్నాను. నా వయసుకు బాగానే ఉన్నాయన్నారు.

మాది ముంబయి కామాటిపుర. ఊళ్ళో బిల్డింగులు కట్టిన మా తాతలను కామాటీలు అనేవాళ్ళు, ఆ పేరు మీద ఏర్పడిన పేట. అక్కడి సానికొంపల వల్ల ఆ పేరు చెబితే ఎదుటివాళ్ళ ముఖంలో వచ్చే మార్పు మా అందరికీ అలవాటే. అందుకని ఎక్కడ పని చేస్తావని అడిగితే నేను గ్రాంట్ రోడ్ అని చెప్పేదాన్ని. స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే మా గల్లీ వస్తుంది కాబట్టి అది అబద్ధం కూడా కాదు.

ఎనభైల్లో, మా నాన్న పని చేసే వర్లిలోని మిల్లు మూతపడ్డాక, అక్కడి ఇల్లు వదిలి కామాటిపురలో, వరస గదులుండే ఒక చాల్‌లో మా నానమ్మ ఒంటిగది ఖోలీకి వచ్చేశాం. గదుల ముందు బారుగా ఉండే గ్యాలరీలో మాకు మూడు తలుపుల అవతల ఉండేవాడు మామ. మాకు చుట్టరికం లేదు. నేను మామా అని, ఆయన భార్యను అత్తా అని పిలిచేదాన్ని, అంతే. పిల్లల పెళ్ళిళ్ళయి ఇంట్లో ఇద్దరే ఉండేవాళ్ళు. బయట మాత్రం ఆయన్ని చిన్నా పెద్దా అందరూ ఉస్తాద్ అనే అనేవాళ్ళు. గల్లీ చివర రేడియోలూ టేపు రికార్డర్లూ బాగుచేసే దుకాణంలో ఆయన పెద్ద మెకానిక్కు. ఆయనే నన్ను సేటు దగ్గరికి తీసుకెళ్ళి, "పోరి చెయ్యి సన్నం, నజర్ సాఫ్. సోల్డరింగ్‌కు గిట్లాంటి చెయ్యే గావాలె" అని చెప్పాడు. ఆడపిల్ల దుకాణంలో కూర్చుంటే ఎట్లా అని సేటు నసిగాడు. ఇంట్లో మా నానమ్మ నసగలేదు, ఏకంగా రెండు పూటలు అన్నం మానేసింది. మూడో పూట తినేసి, నన్ను పనికి పంపింది.

దుకాణం ఎంత చిన్నదంటే ఒకరు లేస్తే తప్ప ఇంకొకరు కదలలేం. సేటు గల్లా దగ్గర, ఉస్తాద్ కిటికీ దగ్గర, నేను ఆయన పక్కన.

పని గురించి అవసరమైనంతే చెబుతాను. టేపు మీదున్న పాటను చదివే చిన్న ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని హెడ్ అంటాం. దాని పక్కన ఆవగింజంత స్క్రూ. ఆ స్క్రూ రవ్వంత అటూ ఇటూ అయితే పాట దుప్పటి ముసుగేసుకున్నట్టు వస్తుంది. గొంతు ఉంటుంది, డోలక్ ఉంటుంది, తాళాల గలగల మాత్రం ఉండదు. స్క్రూను తిప్పుతూ తిప్పుతూ, ఆ గలగల పూర్తిగా తేటపడిన చోట ఆపాలి. ఆపాక అది కదలకుండా పైన గోళ్ళ రంగు ఒక చుక్క వేస్తాం. ఎర్ర రంగే వేసేవాడు ఉస్తాద్. ఆ చుక్క పడితే సెట్టు మీద ఆయన సంతకం పడినట్టే. చుక్క లేని సెట్టు దుకాణం గడప దాటదు. గోళ్ళ రంగు సీసాలు కొనుక్కొచ్చే పని నాది. గాజుల కొట్టు వాడు నా గోళ్ళు చూసేవాడు, సీసా చూసేవాడు, ఏమీ అడగలేక పొట్లం కట్టి ఇచ్చేవాడు.

"పాట ఇనకు పోరీ" అని నేర్పాడు నాకు. "పాట మంచిగుంటే మనసు దాని ఎంబడి పోతది. పాట ఎన్క తాళం ఉంటది జూడు, దాన్ని ఇను. గదే మన కూలి."

మీటర్లు పెట్టి చూసి తిప్పే మెకానిక్కులు అప్పటికే ఉన్నారు. వాళ్ళంటే ఉస్తాద్‌కు చిన్నచూపు. మీటరు చెవుల్లేనోళ్ళకని అనేవాడు. సేటు కూడా ఎవరితో మాట్లాడినా "మా దుకాణం ఉస్తాద్ చెవుల మీద నిలబడింది" అని గొప్పగా చెప్పుకునేవాడు. నేను చేరిన నాలుగేళ్ళకు ఆ మాటే నా గుండెల్లో రాయిలా పడుతుందని అప్పుడు నాకేం తెలుసు.

ఒక వానాకాలం మొదట్లో మా పక్క గల్లీ భజన మండలి పెద్దాయన బాగుచేసి ఇచ్చిన సెట్టును మళ్ళీ పట్టుకొచ్చాడు. ఉస్తాద్ టీకి వెళ్ళాడు. "ఇదేంది బిడ్డా, మా తాళాలు ఏడబోయినయ్? నిద్రబోతున్నట్టు పాడుతుంది" అన్నాడు. విప్పి చూశాను. ఎర్ర చుక్క అలాగే ఉంది. స్క్రూ మాత్రం పావు చుట్టు పక్కకు ఉంది. ఎక్కడో జారి ఉంటుందనుకుని, చుక్క గీకేసి, సరిచేసి, మళ్ళీ చుక్క వేసి ఇచ్చాను. వారం తిరక్కుండా ఇంకొకటి. ఆ తర్వాత ఉస్తాద్ చుక్క వేసి పక్కన పెట్టిన సెట్లను నేనే ఊరికే వింటూ చూశాను. మూడింట్లో రెండు ముసుగులోనే ఉన్నాయి.

జారింది స్క్రూ కాదు. ఉస్తాద్‌కు తాళం వినపడటం లేదు.

ఆయనకు మాత్రం తెలియదు. మనుషుల మాటలు, అందులోనూ దుకాణంలో మగవాళ్ళ మాటలు బాగానే వినపడేవి. సన్నటి చప్పుళ్ళు మాత్రమే పోయాయి. అవి ఎప్పుడు పోయాయో పోగొట్టుకున్న వాడికి తెలియదు, ఎందుకంటే లేని చప్పుడు ఫలానా చోట లేనని చెప్పదు కదా. సెట్లన్నీ ఈమధ్య ఒకేలా మెత్తగా పలుకుతున్నాయి, కంపెనీలు హెడ్లు చెడగొట్టేశాయి అని తిట్టుకునేవాడు.

నేను చెప్పలేదు. రోజూ ఆయన టీకి వెళ్ళిన పది నిమిషాల్లో చుక్కలు గీకేదాన్ని, స్క్రూలు సరిచేసేదాన్ని, అచ్చం ఆయన వేసినట్టే మళ్ళీ చుక్కలు వేసేదాన్ని. ఆ ఏడు గోళ్ళ రంగు సీసాలు రెండింతలు కొన్నాను. చెవులు పోయాయని సేటుకు తెలిస్తే ఉస్తాద్ బతుకు ఏమవుతుందని నా భయం. నాకు అన్నం పెట్టే పని నేర్పిన మనిషి ఆయన. ఆ భయం నిజమే. కానీ ఇన్నేళ్ళ తర్వాత దాచడమెందుకు, అందులో కాస్త గర్వం కూడా ఉండేది. ఊరంతా మెచ్చుకునే ఉస్తాద్ చుక్క కింద ఉన్నది నా చెవి అని నాకొక్కదానికే తెలుసు. ఆ ముచ్చట లోపల్లోపల తీయగానే ఉండేది.

ఆ ఏడు గణపతి పండుగొచ్చింది. మా చాల్ మండపానికి లౌడ్‌స్పీకర్లు కట్టేది ఏటా ఉస్తాదే. పొద్దున్నుంచీ హారతయ్యే దాకా ఆ హారన్ గొట్టాల దగ్గరే నిలబడేవాడు. ఎక్కడైనా గరగర వస్తుందేమోనని హారన్ నోటికి చెవి ఆనించి మరీ వినేవాడు. అంత దగ్గరగా నిలబడటం ఆయన పనితనంలో భాగమని మేమంతా మురిసిపోయేవాళ్ళం. ఆ ఏడు సన్నటి చప్పుడు పెంచే మీటను ఆఖరి దాకా తిప్పేశాడు. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు. నేను ప్రసాదం ఇచ్చే వంకతో వెనక నుంచి వెళ్ళి మీటను సగానికి తగ్గించి వచ్చాను. ఆయన చూసుకోలేదు. పది రోజులూ ఆ పనే నాది. గణపతి మండలి వాళ్ళు ఈసారి కూడా ఉస్తాద్ సౌండు సాటిలేదన్నారు. నేను పులిహోర తింటూ నవ్వుకున్నాను. ఆయన తల హారన్‌కు ఎంత దగ్గరగా ఉందో చూసి కూడా నవ్వుకున్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మరుసటి ఎండాకాలం మా చాల్ రెండో అంతస్తులో ఉండే అన్న దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. తనతోపాటు సీడీ ప్లేయరు తెచ్చాడు. మా గల్లీలో అదే మొదటిది. అద్దంలా తళతళలాడే బిళ్ళ, దాని మీద గీతలుండవు, ముల్లుండదు, టేపుండదు. లోపల వెలుతురుతో చదువుతుందట. జనం దర్శనానికి వచ్చినట్టు వచ్చారు. ఈ పెట్టెలు ముందు ముందు రిపేరుకొస్తాయా, వాటికోసం కొత్త సామాను కొనాలా అని సేటుకు బెంగ పట్టుకుంది. ఆదివారం పొద్దున సేటే దుబాయి అన్న ఖోలీకి వచ్చాడు. ఉస్తాద్ విని మంచిదంటే ఆ పని మొదలుపెడతాం, దానికి ఉస్తాదే పెద్ద, కాదంటే వదిలేద్దాం అన్నాడు. అంటే ఆ రోజు పెట్టెకే కాదు, ఉస్తాద్ మాటకూ పరీక్షే. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

ఒకటే పాట, టేపు మీద ఒకటి, బిళ్ళ మీద ఒకటి. రెండూ ఉస్తాద్ కట్టిన ఆంప్లిఫయరుకే కలిపాం. గది నిండా జనం, గుమ్మంలో బీడీలు చుట్టుకుంటూ మా గ్యాలరీలో ఉండే ముసలి అవ్వ.

దుబాయి అన్న ముందు టేపు, తర్వాత బిళ్ళ పెట్టబోయాడు. ఉస్తాద్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"గట్ల గాదు. ముందుగాల రెండిట్ల సౌండ్ బరాబర్ చెయ్యాలె. జర ఎక్కువున్నదే మనకు మంచిగ ఇనొస్తది. చెవికి గంత అకల్ ఉండదు."

సమానం చేశాడు. అయినా ఆయనకు తృప్తి కలగలేదు.

"డబ్బా జూసుకుంట చెప్పొద్దు. అందరు దాన్ని కొత్త అల్లుని జూసినట్టు జూస్తున్రు. నడుమ చద్దర్ కట్టుండ్రి. పోరీ, నువ్వు ఎన్కకు పోయి మార్చుకుంట ఉండు. ఏదేదో ఎవ్వరికి చెప్పకు. నాక్కూడ."

ఒక దుప్పటి తెచ్చి చద్దరు కట్టారు. నేను వెనక కూర్చున్నాను. మీరు ఈనాడు నాలుగు పుస్తకాలు చదివి నేర్చుకున్న పద్ధతులను ఆ మనిషి తన బుద్ధితో తానే కట్టుకున్నాడు. అంత న్యాయంగా పరీక్ష పెట్టకపోతే ఆ రోజు ఆయన చెవుల సంగతి బయటపడేదే కాదు.

మొదటిది టేపు పెట్టాను. రెండోది బిళ్ళ. మళ్ళీ మార్చాను. చద్దరు అవతల గుసగుసలు మొదలయ్యాయి.

"రొండోదే సాఫ్ ఉంది" అన్నాడు ఒకాయన.

"అవును బిడ్డా" అంది అవ్వ. "మొదటిదాంట్ల పొయ్యి మీద పెనం గాలినట్టు సుయ్యిమంటుంది. పాట ఆగినప్పుడు మస్తు ఇనొస్తుంది. రొండోదాంట్ల గది లేనే లేదు."

సేటు ఉస్తాద్ వైపు తిరిగి "ఉస్తాద్, ఆప్ బోలో" అన్నాడు.

"ఏక్‌దమ్ సేమ్" అన్నాడు ఉస్తాద్, ఏ తడబాటూ లేకుండా. "గింత గూడ ఫరక్ లేదు. అమ్ముకునెతందుకు చేసిన తళుకు గిది. లోపల్ల మన టేపే ఉంది."

దుబాయి అన్న ముఖం చిన్నబోయి ఉంటుంది, నాకు కనపడలేదు. అవ్వ నవ్వు మాత్రం వినపడింది.

"అదేంది రా, నీకు ఆ సుయ్ ఇనొస్తలేదా? ముసల్దాన్ని, నాకే ఇనొస్తుంది."

"ఏం సుయ్?" అన్నాడు ఉస్తాద్.

నేను చద్దరు పక్కకు తీశాను. ఆయన అందరి ముఖాల్లోకీ ఒక్కొక్కరుగా చూస్తున్నాడు. తర్వాత నాతో మెల్లగా అన్నాడు.

"పోరీ, పాట ఒడిసినంక టేపుల ఖాళీ ఉంటది గద. గది నడిపియ్యి."

నడిపించాను. స్పీకరు నుంచి, పాట లేని టేపుకు కూడా సహజంగా ఉండే ఆ సన్నటి సుయ్ వస్తోంది.

"నడుస్తుందా?"

"నడుస్తుంది మామా."

"సౌండ్ పెంచు."

పెంచాను. వానపడ్డట్టు గది నిండా సుయ్ నిండింది. అవ్వ చేతిలో బీడీ ఆగిపోయింది. గదిలో ఉన్న ముఖాలన్నీ ఏదో వింటున్న ముఖాలు. ఏమీ వినపడటం లేదని తెలిసిపోతున్నది ఆయన ముఖమొక్కటే. ఆయన వాళ్ళను చూశాడు, వంగి స్పీకరు డబ్బాకు చెవి ఆనించాడు, చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

"జరంతనే ఉంది ఉస్తాద్. గంత లేదు తియ్యి" అన్నాడు దుబాయి అన్న. మంచివాడు, జాలిపడ్డాడు.

ఉస్తాద్ లేచి నావైపు తిరిగాడు. "ఆళ్ళను ఇడిసిపెట్టు. నువ్వు చెప్పు. నీది నేను నేర్పిన చెవి. ఎంత వస్తుంది?"

కొంచెమే మామా అనొచ్చు. ఏడాదిగా చేస్తున్నది ఆ పనే కాబట్టి నాకేం కష్టం కాదు. సేటు ఎదురుగా ఉన్నాడు. ఆ ఒక్క మాటతో ఆ ఆదివారం గడిచిపోతుంది. కానీ మూడు నెలల్లో మళ్ళీ పండుగ వస్తుంది, మళ్ళీ హారన్ నోట్లో చెవి పెడతాడు. ఆ సంగతి నాకు ఆ క్షణం దాకా తట్టలేదంటే నమ్మండి.

"మస్తు వస్తుంది మామా" అన్నాను. "గది నిండా వస్తుంది."

ఆయన తల ఊపాడు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బయటికి నడిచాడు. సేటు నేల చూపులు చూశాడు. నేను టేపు ఆపడం కూడా మరిచి ఆయన వెనక పరుగెత్తాను. మెట్ల మలుపు దగ్గర ఆగి ఉన్నాడు.

"ఎప్పటి సంది?"

"పోయిన వానల సంది."

"మరి సెట్లు ఎట్ల పోతున్నయ్ దుకాణం ఇడిసి? ఒక్కడన్న తిరిగొచ్చి తిట్టలే గద."

చెప్పాను. చుక్కలు గీకడం, మళ్ళీ వేయడం, మండపంలో మీట తగ్గించడం, అన్నీ. చెబుతున్నంతసేపూ నా నోటి వైపే చూశాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండేది.

"నువ్వు అబద్ధం ఆడితే నేను పట్టుకుంటుంటి పోరీ" అన్నాడు. "పని జేసి దాచినవ్. పనిల తప్పు లేదు, నేనెట్ల పట్టాలె? సెట్లన్ని సరిజేసినవ్. నాకొక్క మాట చెప్పకపోతివి."

ఆ తర్వాత దుకాణంలో ఏం జరిగిందో ఇక్కడే చెప్పేస్తాను, మీరు బెంగ పెట్టుకోకుండా. నేను ఏడాది పాటు భయపడిన సేటు, ఉస్తాద్‌ను ఒక్క మాట అనలేదు. సోమవారం కాక మంగళవారం పొద్దున ఒక మీటరు తెచ్చి ఉస్తాద్ బల్ల మీద పెట్టాడు. "చెవులు పోతే పోయాయి, చేతులు మీవే కదా" అన్నాడు. ఉస్తాద్ వారం రోజులు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత ముట్టుకున్నాడు. ముల్లు ఎక్కడ ఎక్కువ లేస్తుందో చూసి స్క్రూ తిప్పడం నెలలో నాకంటే బాగా నేర్చుకున్నాడు. ఆపైన ఎన్నో ఏళ్ళు పని చేశాడు, సీడీ ప్లేయర్లు కూడా బాగుచేశాడు. అంటే నేను ఎవరికి భయపడి దాచానో, ఆ మనిషికి భయపడాల్సిన పనే లేదు. సేటును ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. ఎదుటివాడు ఎంత మంచివాడో మనమే ముందుగా తక్కువ అంచనా వేసుకుని, ఆ అంచనా మీద మన మంచితనాన్ని కట్టుకుంటాం. ఇది నాకు పట్టిన పాఠం, మీకు పనికొస్తే తీసుకోండి.

ఇక సోమవారం సంగతి. నేనే ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు తొడుగులు పెట్టారు. చప్పుడు వినపడగానే చెయ్యి ఎత్తాలి. అద్దం ఇవతల నేను. లావు చప్పుళ్ళకు ఆయన చెయ్యి టక్కున లేచింది. తర్వాత పరీక్ష చేసేవాడు మీట తిప్పుతూనే ఉన్నాడు, చెయ్యి మోకాలి మీదే ఉంది. ఉస్తాద్ కళ్ళు మూసుకుని, దుకాణంలో తాళం కోసం వింటున్నప్పటిలాగే తల కొంచెం పక్కకు వంచి, ఎంతో శ్రద్ధగా వింటున్నాడు. చెయ్యి లేవలేదు. అది చూడటం నావల్ల కాలేదు, గోడ వైపు తిరిగాను.

డాక్టరు మరాఠీలో చెప్పింది. పోయింది తిరిగి రాదు. మందు లేదు. హారన్ల దగ్గరికి ఇక వెళ్ళకపోతే ఉన్నది ఉంటుంది. పోయినేడు వచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగాను. ఆమె కాగితం మీది గీత చూసి, పోయినేడు పండుగలో పోయినంత మేరకు మిగిలేదని చెప్పింది. ఆమెకు నేనెవరో తెలియదు. నాకు ఆ మాట ఎక్కడ తగిలిందో కూడా ఆమెకు తెలియదు.

బస్సు ఎక్కకుండా నడిచే వచ్చాం. చాల్ దగ్గరికి వచ్చాక, "మీ అత్తకు నువ్వే చెప్పు. నాతోని గాదు" అన్నాడు.

సాయంత్రం నాలుగైంది. అత్త గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. అత్త గొంతు సన్నం. చాల్‌లో కుళాయి దగ్గర అన్ని గొంతులు లేచినా అత్త గొంతు ఎప్పుడూ లేవలేదు. ఎవరైనా అత్తతో మాట్లాడాలంటే దగ్గరికి వెళ్ళి కూర్చోవాలి. నేనూ అలాగే కూర్చుని, డాక్టరు చెప్పినదంతా చెప్పాను. మామ గోడకానుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు. అత్త ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేటను పక్కన పెట్టి, నన్ను తేరిపార చూసింది.

"అయితే కోపం గాదా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"గణపతి పోయినకాడి సంది నేను పిలిస్తే పలుకడు. అన్నం తిందువు రా అంటే రాడు. ఎన్క నుంచి ఏమన్న అడిగితే జవాబు ఉండదు. ఆ పది దినాలు హారన్ల కాడనే ఉంటే, ఇల్లొకటుందని యాదికుందా అని నేనొక మాట అన్న. గది మనసుల పెట్టుకున్నడు అనుకున్న. ఏడాది గావొస్తుంది. ఇగ పిలుసుడే మానేసిన."

ఉస్తాద్ సెట్లను నేను సరిచేసి పంపిన ప్రతి రోజూ, మూడు తలుపుల అవతల, ఈ మనిషి పిలుస్తూ ఉంది. నేను ఆ గ్యాలరీలోనే తిరిగాను. నా చెవులు ఎంత గొప్పవని మురిసిపోయాను.

మామ నావైపు చూశాడు. "ఏమంటుంది?"

ఏడాదిగా ఆయన చెవులకు బదులు పని చేసిన దాన్ని, ఈసారి ఆ మాటను నేను అందించలేదు.

"అత్తా, నువ్వే చెప్పు" అన్నాను. "ముంగటికి పోయి, గట్టిగ చెప్పు."

అత్త గ్యాలరీ పొడవునా చూసింది. అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి. ఇన్నేళ్ళ కాపురంలో పక్కింటికి వినపడేలా ఒక్క మాట అనని మనిషి. కొంగు సరిచేసుకుని లేచింది, వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది.

"నా మీద కోపం గాదా అని అడుగుతున్న!"

ఆ గొంతు అంత పెద్దదని అత్తకే తెలియదేమో, అదిరిపడింది. మామ విన్నాడు.

"నీ మీద కోపమెందుకే?" అన్నాడు. "నువ్వే నన్ను పిలుసుడు బంద్ జేసినవ్ అనుకున్న."

"పిలిచిన" అని అరిచింది అత్త. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. "రోజు పిలిచిన!"

గ్యాలరీలోకి ఒక్కొక్కరే వచ్చి నిలబడుతున్నారు. అత్త వాళ్ళవైపు చూడలేదు. గొంతు తగ్గించలేదు. ఆ ఏడాదిలో తాను ఏమేం అడిగిందో, ఏ రోజు ఎందుకు పిలిచిందో, మొదటి నుంచి మొదలుపెట్టి ఆయన ముఖంలోకి చూస్తూ అన్నీ మళ్ళీ చెప్పింది.